మెట్టసీమలో పాటకొక సంవత్సరము

డిసెంబరు నెల కడపటి వారము వచ్చినదనగానే మన పత్రికలు ఆ యేటి పాటల పద్దు వ్రాయుట యొక ఆచారముగా స్థిరపడిపోయినది. ఏ చిత్రములోని ఏ గీతమును ఎన్ని కోట్లమంది చూచిరో (పాటను వినుట మాని చూచుట యిప్పటి వాడుక), ఏ సంగీత దర్శకుడు ఎన్ని చిత్రములకు బాణీలు కట్టెనో, ఏ గాయని గొంతు ఎక్కువగా మ్రోగెనో, ఇత్యాది వివరములన్నియు బొమ్మలతో సహా అచ్చుపడును. ఆ పద్దును నేనును శ్రద్ధగానే చదువుదును. చదివి, బంగారపు ధరల పట్టిక చదివిన బీదవాని వలె మడచి ప్రక్కన పెట్టుదును. అది పాట పుట్టిన చోటి లెక్కయే గాని పాట చేరిన చోటి లెక్క కాదు. హైదరాబాదులో ఒక మూసిన గదిలో, అద్దపు గోడ వెనుక నిలిచి పాడిన పాట, మా నెల్లూరు మెట్టసీమలో కొండ నీడన నొదిగియున్న ఉదయగిరిలో గాని, సోమశిల నీరు పారెడి ఆత్మకూరు మడులలో గాని, ఏ వేళ ఎవరి నోట పలికినదో, అసలు ఎవరి నోటనైనను పలికినదో లేదో ఆ పద్దులో ఎక్కడను కానరాదు.

2023వ సంవత్సరమునే తీసికొందము. తెలుగు పాట చరిత్రలో అంతటి సంవత్సరము మరియొకటి లేదని అందరును చెప్పుచున్నారు, నేనును కాదనను. ఆ యేడు జనవరిలో గోల్డెన్ గ్లోబు, మార్చి 12న ఆస్కారు, రెండును ‘నాటు నాటు’ పాటకు వచ్చెను. కీరవాణి గారి బాణీ, చంద్రబోసు గారి మాట, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల గొంతులు, ప్రేమ్ రక్షిత్ గారు కూర్చిన అడుగులు – ఇవన్నియు కలిసి మన భాషను లాస్ ఏంజెలీసు వేదిక మీదికి ఎక్కించినవి. ఆ పాటను చిత్రించినది ఉక్రెయిన్ దేశపు కీవ్ నగరములోని రాజభవనము ముందర. ఆ పాటలోని సరుకు మాత్రము మన పల్లెది. అందులో పోలేరమ్మ జాతర ప్రస్తావన వచ్చును. పోలేరమ్మ యనగా మాకు ఊరి పొలిమేరలో వేపచెట్టు క్రింద, పసుపు పూసిన రాయియై, పిల్లలకు అమ్మవారు పోసినపుడు పెరుగన్నపు ముద్ద నందుకొని శాంతించెడి తల్లి. ఆ తల్లి పేరు సముద్రములు దాటిపోయిన నాడు నేను సంతోషింపలేదని చెప్పినచో అబద్ధమగును.

ఆ వేసవిలోనే ఉదయగిరి వైపు ఒక పల్లెలో పోలేరమ్మ కొలుపులకు పోయితిని. గుడి ముందర గడ్డిమంట వేసి పలకలవారు ముగ్గురు తమ పలకలను కాచుకొనుచుండిరి. తక్కిన తెలుగు దేశము డప్పు అనునది మాకు పలక; చర్మము బిగిసి, వ్రేలితో మీటగా కంగుమనువరకు దానిని సెగకు పట్టవలెను. వారిలో ఇద్దరు అరువది దాటినవారు. మూడవవాడు నడివయసువాడు, కూలికై పొరుగూరి నుండి పిలిపింపబడినవాడు. పలకలు సిద్ధమగుసరికి, ఊరి కుఱ్ఱవాండ్రు చందాలు వేసికొని తెప్పించిన డీజే బండి వచ్చి నిలిచెను. మనిషి యెత్తు పెట్టెలు, వానిపై రంగురంగుల దీపములు, వెనుక డీజిలు యంత్రము. మొదటి పాటయే ఆ ఆస్కారు పాట. గుండెలోని కవాటములు సైతము దాని దరువుకే కొట్టుకొనుచున్నవా యనిపించెను. పలకలవారిలో పెద్దవాడు తన పలకను మంటకు దూరముగా జరిపి, బీడీ ముట్టించుకొని, నా వంక చూచి నవ్వి యిట్లనెను: “ఎంత కాచినా పలక పలకదు సామీ, దాని ముందర.”

ఇంత చక్కని శ్లేష ఆ యేటి చిత్రగీతములలో నాకెక్కడను తగులలేదు.

ఇచట నేనొక మాట ఒప్పుకొనవలసి యున్నది. ఆ రాత్రి కుఱ్ఱవాండ్ర ఆనందము నిజమైనది. నా కాలును ఒకటి రెండు మారులు నా అనుమతి లేకయే ఆడినది. బెంగుళూరులో, హైదరాబాదులో, కువైటులో కూలికిని కొలువునకును పోయి, కొలుపులకని సెలవు పెట్టి వచ్చినవారు వారు; యేడాదికొక రాత్రి వారిని ఎగురవద్దనుటకు నేనెవడను? రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు ధ్వనివర్ధకములు మ్రోగింపరాదనియు, ఇండ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించరాదనియు 2000వ సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి. ఆ నిబంధనలు పోలేరమ్మ గుడి వరకు నడిచి రాలేదు. అదియు నా ఫిర్యాదు కాదు. ఒకే గుడి ముందర, ఒకే రాత్రి, పోలేరమ్మ పేరు పలికిన పాట పోలేరమ్మ పలకను మాన్పించినదే, ఈ చిత్రము నాకు నిద్ర పట్టనీయలేదు. పల్లె సొమ్మును ఎరువుగా తీసికొనిపోయి, నగలు చేయించి, ఆ నగలను పల్లెకే అద్దెకిచ్చిన షావుకారు కథ వంటిది కదా యిది.

నేను పాటల పద్దు వ్రాయవలసి వచ్చినచో తేదీలను గాక తిథులను పట్టుకొని వ్రాయుదును. ధనుర్మాసముతో మొదలుపెట్టుదును. తలపై అక్షయపాత్ర, చేత తంబుర, చిడతలు ధరించి తెల్లవారుజామున వీధిలోనికి వచ్చెడి హరిదాసు నేడును వచ్చుచున్నాడు. కాని పెక్కు చోట్ల మోటారు సైకిలు మీద వచ్చుచున్నాడు, కీర్తనను నడుమునకు కట్టుకొనిన చిన్న పెట్టె పాడుచున్నది, దాసుని నోరు కేవలము బియ్యము నడుగుటకే విచ్చుకొనుచున్నది. చైత్రములో శ్రీరామనవమికి చెక్కభజన. ఇది మా మెట్టసీమ గర్వింపదగిన విద్య. భజన గురువును పొరుగూరి నుండి పిలిపించి, రామాలయములో బస యిచ్చి, రాత్రులు దీపము వెలుగున పడుచువాండ్రందరును వలయముగా నిలిచి, చెక్కల గజ్జెలు ఒక్కటే చప్పుడగువరకు అడుగులు నేర్చుకొనెడివారు. నేడును కొన్ని పల్లెలలో నేర్చుకొనుచున్నారు, వారిలో ఆడపిల్లలే ఎక్కువ. పూర్వము వారికి ఆ వలయములో చోటు లేకుండెను గనుక దీనిని క్షయమని యెవరైన అన్నచో నేను ఒప్పను.

వైశాఖములో పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవములు. కొండల నడుమ నున్న ఆ కోనకు బండ్లు కట్టుకొని పోవునపుడు దారి పొడుగునను పాటయే. పెంచలయ్య, పెంచలమ్మ అను పేర్లు మా వైపు ఎన్ని యిండ్ల నున్నవో, ఆ దేవుని మీద కట్టిన వరుసలు అన్ని యుండెడివి. ఆ కొండకు ఆవలి వైపున, చిట్వేలి ప్రాంతమున పుట్టిన పెంచల్ దాస్ గారు 2018లో ‘కృష్ణార్జున యుద్ధము’, ‘అరవింద సమేత’ చిత్రములలో తమ సీమ యాసతోనే పాడి తెలుగు దేశమంతటి చేతను చప్పట్లు కొట్టించుకొనిరి; పేరులోనే పెంచలయ్యను మోసికొనిపోయిన ఆ గొంతు విని మా వైపు వారు తమ యాసకును సినిమాలో చోటున్నదా యని ఆశ్చర్యపడిరి. నాకు మాత్రము ఆ ఆశ్చర్యమే ఆశ్చర్యము.

పీర్ల పండుగకు తిథి నియమమున్నను ఋతు నియమము లేదు. చాంద్రమానము ననుసరించి యేటికి పదునొకండు దినములు వెనుకకు జరుగుచు, ఒకప్పుడు వానలో, ఒకప్పుడు చలిలో వచ్చును. గుండము చుట్టు ఎగురుచు పాడెడివారిలో పీర్లను ఎత్తుకొన్న సాహెబు లెందరో, బెల్లము పంచెడి రెడ్లు, యాదవులు, మాలమాదిగలు అందరే. ఆత్మకూరునకు చేరువ నున్న అనుమసముద్రంపేటలో రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా గంధోత్సవమునకు రాత్రి పొడుగునను ఖవ్వాలీ వినవచ్చును. ఉర్దూ ఒక్క ముక్కయు రాని మా రైతులు తెల్లవార్లు కూర్చుండి తల లూపుదురు. భాష తెలియని పాటకు తల యూపుట యాంగ్లము తెలియని పిల్లలు ఇంగ్లీషు పాటకు ఊగుటకంటె ఏ విధమున వేరని నా మిత్రుడొకడు ప్రశ్నించెను. వేరు కాదనియే నా యుత్తరము.

వినాయకచవితి సంగతి చెప్పను. దానిని చెవులున్న పాఠకులందరును ఎరుగుదురు. కార్తిక మార్గశిరములలో అయ్యప్ప మాలలవారి భజనలు, డిసెంబరులో క్రైస్తవపాలెములలో ఇల్లిల్లు తిరిగి తెల్లవారువరకు పాడెడి క్రిస్మసు కీర్తనలు. పంతొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌదరి గారు మొదలగువారు వ్రాసిన తెలుగు కీర్తనలను పుస్తకము చూడకుండ నాలుగేసి చరణములు పాడగలిగినవారు మా వైపు మాలమాదిగ పల్లెలలో ఇప్పటికిని ఉన్నారు.

ఈ విధముగ యేడంతయు చుట్టివచ్చి చూచిన పిదప నాకొక సంగతి తోచినది. భక్తికి కావలసిన పాట బ్రతికియున్నది. పనికి కావలసిన పాట చచ్చిపోయినది. భజనలో నలుగురును నోరు కలుపనిదే భజన కాదు గనుక అచట జనులు నేటికిని పాడుచున్నారు. పొలములో పాడుట మానివేసిరి. కపిల తోలునపుడు ఎద్దులు వాలున దిగుచుండగా బాన పైకి వచ్చుటకు పట్టు కాలమెంతయో పాట చరణమంతయే యుండెడిది. ఎన్ని బానల నీరు పారినదో పాటయే లెక్క చెప్పెడిది. విద్యుత్తు మోటారు వచ్చి ఆ లెక్కను మీటరున కప్పగించెను. దానికి నేను విచారింపను; మా తాతల భుజములు కాయలు కాచిన కథ నేనెరుగుదును. నాట్ల పాట పోయిన విధము వేరు. ఆత్మకూరు వైపు సోమశిల ఆయకట్టులో యిప్పటికిని చేతి నాట్లు కలవు, ఆడువారే నాటుచున్నారు, నడుము వంగుట తప్పలేదు. పాట మాత్రము లేదు. ఏమమ్మా పాడరేమని నాటుచున్న ఒక పెద్దామె నడిగితిని. ఆమె నారుకట్ట విప్పుచునే చెప్పినది: “ఎకరాకింత అని గుత్తకి ఒప్పుకున్నాక పాటెవురు పాడతారు నాయనా? పాడతా నాటితే పొద్దుగూకతాది. దినకూలికైతే పాట, గుత్తకి యాడ పాట?”

జానపద గేయములు ఏల అంతరించుచున్నవను విషయమున నేను చదివిన గ్రంథములలో ఈ మాట లేదు. టీవీ యనిరి, సినిమా యనిరి, చదువనిరి. దినకూలి గుత్తగా మారిన వైనమును గుర్తించినది ఆ తల్లి యొక్కతెయే. అప్పుడు చేయి త్వరపడరాదని పాట ఉండెను. ఇప్పుడు చేయి త్వరపడవలెనని పాట లేదు.

మెట్టసీమ తన పాటను తానే కట్టి, తానే పాడి, రాజధాని చేత చెవియొగ్గి వినిపించుకొన్న సంవత్సరమును నా జీవితకాలమున ఒకటి గడచినది. అది 1992. అంతకు ముందటి యేడు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగెను. కళాజాతా బృందములు ఊరూర సాయంకాలము రచ్చబండ యొద్ద చేరి పాటలు, చిన్న నాటికలు ప్రదర్శించెడివి. పిమ్మట లాంతరు వెలుగున రాత్రిబడి. పలకా బలపము పట్టిన ఆడువారు అక్షరములకంటె ముందు పాటలను పట్టుకొనిరి. సారా వలన సంసారము కూలిన కథను వాచకములో చదివి, ఇది మా యింటి కథయే కదా యని తలయెత్తి చూచిరి. ఉదయగిరి వైపు కలిగిరి మండలములోని దూబగుంటలో ఆడువారు సారా దుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మ గారి పేరు ఆ యూరి పేరుతో కలిసిపోయి దూబగుంట రోశమ్మ అయినది. ఒక పల్లె నుండి మరియొక పల్లెకు ఆ వార్త వ్యాపించిన వేగమును పత్రికలు కొంత, పాటలు కొంత పంచుకొనెను. ఉయ్యాల పాట వరుసలో సారా మీద శాపనార్థములు, రోకటి పాట వరుసలో వేలముపాటల మీద వెక్కిరింతలు, నేనే చెవులార వింటిని. బాణీలన్నియు పాతవే; మాటలు ఆ మధ్యాహ్నమున పుట్టినవి.

తరువాతి కథ ప్రభుత్వపు దస్త్రములలో నున్నది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారాను నిషేధించిరి. 1995 జనవరి 16 నుండి రామారావు గారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును అమలుపరచెను. 1997లో అది సడలిపోయెను. రోశమ్మ గారు 2016లో కాలధర్మము చెందిరి. మద్యము తిరిగి వచ్చినది. పాట తిరిగి రాలేదు. ఆ కాలపు పత్రికల కత్తిరింపులు నా పెట్టెలో పసుపుబారి యున్నవి, ఫొటోలు రెండు మూడు కలవు, కాని ఆ ఆడువారి గొంతు ఒక్కటియు నా యొద్ద లేదు. ఆ రోజులలో ఆత్మకూరులో క్యాసెట్టు రికార్డింగు అంగళ్ళుండెడివి. మనకు కావలసిన సినిమా పాటల పట్టిక కాగితముపై వ్రాసి యిచ్చినచో అరువది నిమిషముల క్యాసెట్టులో ఎక్కించి యిచ్చెడివారు. అట్టి క్యాసెట్టులు నేనును నలుబది ఏబది చేయించితిని. వీధిలో పాడుచున్న పాటను ఒక్క ఖాళీ క్యాసెట్టున పట్టవలెనని నాకు తోచకపోయెను. ఈ వ్యాసమున ఎవరినైన తప్పు పట్టుచున్నానన్నచో మొదటివాడను నేనే.

మా సీమలోని విలువైన వస్తువు కొండ దాటిపోవుట క్రొత్త సంగతి కాదు. నెలల తరబడి ముట్టడించి 1514లో ఉదయగిరి దుర్గమును గజపతుల నుండి గెలుచుకొన్న కృష్ణదేవరాయలు ఇచటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తీసికొనిపోయి, అచట ఆలయము కట్టించి నిలిపెను. హంపిలో ఆ కృష్ణాలయమును చూచినప్పుడెల్ల నాకు గర్వమును, కించిత్తు దుఃఖమును ఒక్కమారే కలుగును. నెల్లూరులో హరికథలు చెప్పుకొనుచు బ్రతికిన సాంబమూర్తి గారి కుమారుడు బాలసుబ్రహ్మణ్యము 1966 డిసెంబరులో మదరాసులో తొలి పాట పాడెను. తరువాత ఆయన గొంతు మా యూరికి రేడియో ద్వారా తిరిగివచ్చెను. పోయినది తిరిగి వచ్చిన అరుదైన దృష్టాంతమది. తమ నెల్లూరి యింటిని 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాలకై కంచి పీఠమున కిచ్చి, ఆ సెప్టెంబరు 25న ఆయన వెడలిపోయెను. మహమ్మారి కాలమగుటచే నలుగురు గుంపుగా చేరి ఆయన పాట పాడుకొను భాగ్యము సైతము మాకు లేకపోయెను.

ఇదే మాట నాకు 2023లో మరల జ్ఞప్తికి వచ్చెను. ఐర్లండు దేశము ఆ యేడు ఇద్దరు గాయకులను పోగొట్టుకొనెను. జులై 26న షినేడ్ ఓకానర్. నవంబరు 30న షేన్ మెగావన్. మొదటి యామె శవపేటిక బ్రే పట్టణపు సముద్రతీరమున సాగుచుండగా వేలాది జనులు బాటకిరువైపుల నిలిచిరి. రెండవ యాయన పాత పల్లె పాటలను నేటి కుఱ్ఱకారు హోరుతో కలిపి పాడినవాడు. నీనా పట్టణపు చర్చిలో ఆయన అంత్యప్రార్థన జరుగుచుండగా బంధుమిత్రులు పాడిరి, నృత్యము చేసిరి, మతగురువులు కాదనలేదు. ఆ దృశ్యము చూచి నేను అసూయపడితిని. అది మనకంటె గొప్ప దేశమని కాదు. 2022 జనగణన ప్రకారము అచటి జనసంఖ్య ఏబదియొక్క లక్షలకు కొంచెము పైన, అనగా 2011 నాటి మన నెల్లూరు జిల్లాకు రెట్టింపు కూడ లేదు. కరువు తినిన దేశము, వలసపోయిన దేశము, ఇంగ్లీషు తన భాషను మ్రింగగా చూచిన దేశము. కాని చచ్చినవాడు పాడిన పాటను బ్రతికినవారందరు నోరారా పాడగలిగిరి.

అది ఊరక వచ్చిన గుణము కాదు. 1937 మొదలు 1939 వరకు ఆ దేశపు జానపద సంఘము ఒక పని చేసినది. ఏ పండితులను పంపలేదు. దాదాపు 5,000 బడులలోని 50,000 మంది పిల్లలకు నోటు పుస్తకములిచ్చి, మీ యింటి యవ్వను, మీ ప్రక్కింటి తాతను అడిగి వారికి తెలిసిన కథ, పాట, సామెత, మందు, దయ్యము, ఏదైనను వ్రాసికొని రండని పంపినది. ఆ పుస్తకములు నేటికిని భద్రముగా నున్నవి, ఎవరైనను చూడవచ్చును. అంతకు పూర్వమే, 1920ల ప్రాంతమున, న్యూయార్కునకు వలసపోయిన మైకేల్ కోల్మన్ అను స్లైగో సీమ ఫిడేలు వాద్యకారుని గ్రామఫోను పలకలు సముద్రము దాటి తిరిగివచ్చి స్వదేశములోని వాద్యకారులకే గురుత్వము వహించినవి. వలసపోయినవాడు పాటను పోగొట్టుననుకొందుము. ఒక్కొక్కప్పుడు వాడే మోసికొని వచ్చును. 2022లో ఆ ప్రభుత్వము 2,000 మంది కళాకారులకు మూడేండ్లపాటు వారమునకు 325 యూరోల చొప్పున జీవనభృతి నిచ్చు పథకమును సైతము ఆరంభించినది.

మన ప్రభుత్వము ఏమియు చేయలేదని నేననుట లేదు. డప్పు కళాకారులకు పింఛను కలదు. 2024 జులై నుండి అది నెలకు 4,000 రూపాయలు. మంచిదే. కాని అచట నిచ్చునది చేయి ఆడుచుండగా, ఇచట నిచ్చునది చేయి ఆగిన పిమ్మట. పైగా పలక పట్టిన చేతికి మన దేశములో మరియొక బరువున్నది. ఆ కొలుపుల రాత్రి నేను పెద్దాయనను, నీ కొడుకు పలక పట్టలేదా యని అడిగితిని. “వాడు పట్టనన్నాడు సామీ. నేనూ పట్టమనలా. పలక పట్టుకుంటే పిలిచే పిలుపు వేరేగా ఉంటాది” అనెను. ఈ మాటకు నా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను, ఇప్పటికిని లేదు. ఒక వాద్యమును వెట్టితో కలిపి కుట్టిన సమాజము, ఇప్పుడా వాద్యము పోవుచున్నదని కన్నీరు కార్చుట హాస్యాస్పదము. ఆ కొడుకు బెంగుళూరులో కారు నడుపుకొనుట నాకు ఇష్టమే. తండ్రి చేతిలోని దరువులు మాత్రము తండ్రితో మట్టిలో కలియుట ఇష్టము కాదు. ఈ రెండును ఒకే మనస్సులో నుండవచ్చును.

కాటమరాజు కథను తలచుకొందము. కరువునకు మందలను తోలుకొనివచ్చి, నెల్లూరి నల్లసిద్ధితో పుల్లరి తగవు పడి, పాలేటి యొడ్డున ఎఱ్ఱగడ్డపాటిలో యుద్ధము చేసిన గొల్లవీరుల కథ అది. ఖడ్గతిక్కన పడిపోయిన యుద్ధమును అదేయని ప్రతీతి. ఏడువందల యేండ్లుగా కొమ్మువారు కొమ్మూది, రాత్రులకు రాత్రులు దానిని పాడిరి. తంగిరాల వెంకట సుబ్బారావు గారు శ్రమించి సేకరించి సంపుటములుగా వెలువరించినందున ఆ కథల మాటలు మనకు దక్కినవి. బిరుదురాజు రామరాజు గారు, నేదునూరి గంగాధరము గారు మొదలగువారు చేసిన సేవయు నట్టిదే. కాని పుస్తకము మాటనే దాచును. గొంతులోని గీర, చరణము నడుమ పీల్చిన ఊపిరి, వంతపాడువాని కునికిపాటు పుస్తకమున కెక్కవు. వారి కాలమున ఉపాయము లేదు. ఈనాడు ప్రతి యింటిలోను, అన్నము లేని యింటిలో సైతము, గొంతును పట్టెడి యంత్రము జేబులో నున్నది.

కనుక నా కోరిక చిన్నది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలోని ఉన్నత పాఠశాలల పిల్లలకు ఒక్క విద్యాసంవత్సరము ఈ పని అప్పగింపవలెను. పాట పట్టవలెను, పాడినదెవరు, ఎవరి వలన నేర్చిరి, ఏ పనిలో పాడెడివారు అని నాలుగు మాటలు వ్రాయవలెను, అవి ఆ యూరి శాఖా గ్రంథాలయములో చేరవలెను. డబ్బెక్కడిదని అడుగువారికి: ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సుంకము మనము చిరకాలముగా కట్టుచునే యున్నాము. పోటీలు వలదు, బహుమతులు వలదు, శాలువలు అసలే వలదు. శాలువ కప్పగానే పాట కచేరియై కూర్చుండును. కులపు పేరు చెప్పి ఒక పాట నెక్కించి ఒక పాటను దించు పెద్దలను మాత్రము ఆ దరిదాపులకు రానీయరాదు. పీర్ల పాట, క్రిస్మసు కీర్తన, సారా మీద శాపము, ఎవరో కుఱ్ఱవాడు ‘నాటు నాటు’ వరుసలో తన యూరి సర్పంచి మీద కట్టిన ఎకసెక్కెము, అన్నియు పాటలే, అన్నియు చేరవలసినవే.

ఈ మాట నేను మొన్న మా బంధువుల యింట చెప్పుచుండగా, తొమ్మిదవ తరగతి చదువు పిల్లవాడొకడు, పెద్దలు మాటలాడుచుండగా తన పని తాను చేయుటయే ఉత్తమమని తలచెనేమో, లేచిపోయి పెరటిలో కంది చెరుగుచున్న నాయనమ్మ యెదుట ఫోను పట్టెను. ఆమె మొదట సిగ్గుపడినది, తిట్టినది, చేట దించినది, పిమ్మట గొంతు సవరించుకొని విసుఱుఱాతి పాట యొకటి మూడు చరణములు పాడినది. వాడు దానిని ఆమెకే తిరిగి వినిపించెను. తన గొంతు తనకు వినబడుట ఆమె కదియే మొదలు గావలెను. తల ప్రక్కకు వంచి, కన్నులు మూసికొని, కడవరకు విన్నది.

“రెండో చరణం తప్పు పాడినా రా అబ్బయ్యా. అది తుడిచెయ్. మళ్ళా పట్టు” అన్నది.